ముసలితనాన్ని వాయిదా వేసే పరిశోధనా, పుట్టుకతో వచ్చే జన్యు జబ్బులా: డబ్బు ముందు ఎటు పోవాలి?

పెద్దన్న

అందరికీ నమస్కారం. చర్చ నేనే మొదలుపెడుతున్నాను కాబట్టి నేను ఏ వైపో ముందే చెప్పేస్తాను. ఆయుష్షు పెంచడానికి జరుగుతున్న జన్యు పరిశోధనకి ఇప్పుడు పోస్తున్న డబ్బు ముందుగా పోవాల్సిన చోటికి పోవడం లేదు. పుట్టుకతో వచ్చే జబ్బుల సంగతి మొదట చూడాలి. తొంభై ఏళ్లు బతికేవాళ్లని నూటపదేళ్లు బతికించే ఆలోచన తర్వాత.

నా తమ్ముడికి 19 ఏళ్లు. డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, అందరూ డీఎండీ అంటారు. ఒంట్లో కండలు క్రమంగా బలహీనపడిపోయే జబ్బు. వాడి నాలుగో ఏట మొదట గమనించింది నేనే. నేల మీద కూర్చున్నవాడు లేవాలంటే ముందు చేతులూ కాళ్లూ నేలకి ఆనించేవాడు. తర్వాత చేతులు మోకాళ్ల మీద, ఆ పైన తొడల మీద పెట్టుకుంటూ, తన ఒంటి మీద తనే నిచ్చెన ఎక్కుతున్నట్టు లేచి నిలబడేవాడు. ఆట అనుకుని నేనూ వాడితో పాటు అలాగే లేచేవాణ్ణి. దానికి గవర్స్ సైన్ అని పేరుందని, పిల్లల డాక్టర్లు మొదట చూసేది అదేనని రెండేళ్ల తర్వాత తెలిసింది. ఇప్పుడు రాత్రిళ్లు మాస్కు పెట్టుకుని మిషన్ సాయంతో ఊపిరి తీసుకుంటాడు. పక్క గదిలో ఆ చప్పుడు కాస్త మారినా నాకు మెలకువ వచ్చేస్తుంది.

ఈ జబ్బులో లోపించే ప్రొటీన్ డిస్ట్రోఫిన్ అని 1987లోనే కనిపెట్టారు. అమెరికాలో మొదటి జన్యు చికిత్సకి అనుమతి వచ్చింది 2023లో. 36 ఏళ్లు. అదీ మొదట్లో నాలుగైదేళ్ల పిల్లలకే. ఈలోగా 2022లో, కణాలకి మళ్లీ యవ్వనం తెప్పించే పని మీద ఆల్టోస్ ల్యాబ్స్ అనే ఒకే ఒక్క కంపెనీ 300 కోట్ల డాలర్లతో మొదలైంది. ఈ రెండు వార్తలూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు కడుపు మండుతుంది. నేను తప్పు అనుకుంటే ఎక్కడ తప్పో చెప్పండి.

ప్లాటినం తీగ

పెద్దన్న గారూ, మీరు అడిగారు కాబట్టి చెప్తాను. మీ కోపంలో తప్పు లేదు. కానీ ఆ రెండూ వేరు వేరు పనులు అనుకోవడంతో నేను ఒప్పుకోను.

నేను ఏళ్ల తరబడి సీ ఎలిగాన్స్ అనే పురుగుల మీద పని చేశాను. మిల్లీమీటరు పొడుగుంటుంది. మామూలుగా రెండు మూడు వారాలు బతుకుతుంది. రోజూ మైక్రోస్కోపు కింద పళ్లెం పెట్టి, సన్నటి ప్లాటినం తీగతో ఒక్కోదాన్నీ మెల్లగా తాకాలి. కదిలితే బతికుంది, మూడుసార్లు తాకినా తల కూడా కదపకపోతే పోయినట్టు రాసుకోవాలి. ముసలితనం మీద పరిశోధన అంటే చాలా రోజులు అదే పని. 1993లో సింథియా కెన్యన్ అనే శాస్త్రవేత్త బృందం డాఫ్-2 అనే ఒక్క జన్యువులో మార్పున్న పురుగులు రెట్టింపు కాలం బతుకుతాయని చూపించింది. అప్పటిదాకా ముసలితనం అంటే యంత్రం అరిగిపోవడం లాంటిది, దాన్ని నడిపించే జన్యువులంటూ ఉండవు అనుకునేవాళ్లే ఎక్కువ. మన కణాలు ఇన్సులిన్ సంకేతాన్ని అందుకునే గ్రాహకానికి డాఫ్-2 చుట్టమని తర్వాత తేలింది. మన ఒంట్లో కూడా ఆ సంకేతాల దారి ఉంది.

ఇక మీ ప్రశ్నకి వస్తాను. ప్రొజీరియా తీసుకోండి. నలభై లక్షల జననాల్లో ఒకరికి వస్తుందని అంచనా. పిల్లలు పదేళ్లకే ముసలివాళ్లలా అయిపోతారు. మందు లేకపోతే సగటున 14, 15 ఏళ్లకి గుండెపోటుతోనో పక్షవాతంతోనో చనిపోతారు. 2003లో కారణం దొరికింది. లామిన్-ఏ జన్యువులో ఒక్క డీఎన్ఏ అక్షరం మారింది, అంతే. ఆ ఒక్క అక్షరం వల్ల ప్రొజెరిన్ అనే పాడు ప్రొటీన్ తయారై కణ కేంద్రకం పొరని వంకరటింకరగా చేస్తుంది. అదే ప్రొజెరిన్ కొద్ది మోతాదులో మామూలు మనుషుల కణాల్లోనూ ఉంటుందని 2006లో తేలింది. ఆ పిల్లలకి 2020లో అనుమతి పొందిన లోనాఫార్నిబ్ అసలు క్యాన్సర్ కోసం తయారు చేసిన మందు. సగటున రెండున్నరేళ్లు అదనంగా ఇచ్చింది. తక్కువే, నాకూ తెలుసు. అయినా ఆ పిల్లల కథలో ఏది జన్యు జబ్బు పరిశోధన, ఏది ముసలితనం పరిశోధన అని గీత గీయమంటే నేను గీయలేను.

సూటిగా

సైన్సులో గీత లేదు, సరే. డబ్బులో మాత్రం గీత చాలా లావుగా ఉంది.

ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బుకి, జన్యువుల్ని కత్తిరించి దిద్దే క్రిస్పర్‌తో చేసిన చికిత్స క్యాస్జెవీకి 2023 చివర్లో అనుమతి వచ్చింది. అమెరికాలో దాని ధర ఒక్కొక్కరికి 22 లక్షల డాలర్లు. ఆ జబ్బుతో పుట్టే పిల్లల్లో ఎక్కువమంది పుట్టేది ఆఫ్రికాలో. వాళ్లలో ఎంతమందికి అందుతుందో ఊహించుకోండి. పైగా ఆ చికిత్స ముందు కీమో ఇచ్చి ఎముక మజ్జ ఖాళీ చేయాలి, నెలల తరబడి పెద్ద ఆసుపత్రి కావాలి. మందు కనిపెట్టగానే జబ్బు ఓడిపోయినట్టు మాట్లాడే వాళ్లతోనే నాకు పేచీ.

ముసలితనం వైపు చూస్తే అక్కడ ఇంకో రకం మోసం. క్రోమోజోముల చివర ఉండే టెలోమియర్ అనే తొడుగు పొడవు కొలిచి "మీ అసలు వయసు ఇంత" అని కాగితం ఇచ్చేవాళ్లు, దాని వెంటే డబ్బాలో మాత్రలు అమ్మేవాళ్లు. మోకాలి కీళ్లలో పేరుకున్న ముసలి కణాలని చంపేస్తుందన్న ఒక మందుని సరిగ్గా పరీక్షిస్తే, 2020లో ఉత్తుత్తి ఇంజెక్షన్ కంటే మెరుగేమీ లేదని తేలింది. పెద్దన్న గారితో నేను ఏకీభవిస్తాను. ముందు పిల్లలు.

నడిరేయి

ఇది చదివి ఊరుకోలేక రాస్తున్నాను. "తొంభై ఏళ్ల మనిషిని నూటపదేళ్లు" అన్నారు పెద్దన్న గారు. ముసలితనం పరిశోధన అంటే అదేనా అండీ?

మా అమ్మకి 71. అల్జీమర్స్ వచ్చి ఆరేళ్లు. నిన్న రాత్రి రెండింటికి లేచి నా చేయి పట్టుకుని "అమ్మా, ఇంటికి తీసుకెళ్లు" అంది. నన్ను వాళ్ల అమ్మ అనుకుంది. తను ఉన్నది ఇంట్లోనే. లైట్లు వేశాను, కాసేపు నడిపించాను, మళ్లీ పడుకుంది. నేను పడుకోలేదు. అల్జీమర్స్‌కి అన్నిటికంటే పెద్ద కారణం ఏంటని ఏ డాక్టరుని అడిగినా వయసే అంటారు. క్యాన్సర్, గుండెజబ్బు, పక్షవాతం, అన్నిటికీ అదే జవాబు. అందరికీ వచ్చేది కాబట్టి దానికి కన్నీళ్లు తక్కువ అనుకుంటే ఎలా? నూటపదేళ్లు ఎవరడిగారు, ఉన్న ఏళ్లలో మనుషుల్ని గుర్తుపడితే చాలు.

ఇంకోటి. కొలంబియాలో అంటియోకియా ప్రాంతంలో ఒక పెద్ద బంధువర్గం ఉంది. ప్రెసెనిలిన్-1 జన్యువులో మార్పు తరతరాలుగా దిగుతోంది. ఆ మార్పు ఉన్నవాళ్లకి నలభైల్లోనే మతిమరుపు మొదలవుతుంది. వాళ్లలో ఒకావిడకి ఆ మార్పు ఉండి కూడా డెబ్భైల దాకా ఏమీ కాలేదు. ఆమెలో ఏపీఓఈ జన్యువుకి క్రైస్ట్‌చర్చ్ అనే అరుదైన మార్పు రెండు ప్రతుల్లోనూ ఉందని 2019లో ప్రకటించారు. ముప్పై ఏళ్లు జబ్బుని ఆపి ఉంచింది అదేనని పరిశోధకుల అనుమానం. దాన్ని అనుకరించే మందు కోసం ఇప్పుడు వెతుకుతున్నారు. అది దొరికితే మా అమ్మలాంటి మామూలు ముసలివాళ్లకీ ఉపయోగపడొచ్చు. వంశపారంపర్య జబ్బున్న కుటుంబం వల్ల అందరి ముసలితనానికీ దారి దొరుకుతోంది. మీరు ఒకదాని నోట్లోది తీసి ఇంకోదానికి పెట్టమంటున్నారు.

పెద్దన్న

నడిరేయి గారూ, క్షమించండి. ఆ మాట అలా అనకూడదు. మీ అమ్మగారిని తలచుకుని రాయలేదు, ఏవో కంపెనీల ప్రకటనలు కళ్లముందు పెట్టుకుని రాశాను.

కానీ మీరు చెప్పిందాంట్లోనే నా బాధ ఉంది. ఆ కుటుంబం రక్తం ఇచ్చింది, చనిపోయాక మెదళ్లు కూడా ఇచ్చింది. రేపు మందొస్తే మొదట ఎవరికి అందుతుంది? వెనిజులాలో మరకైబో సరస్సు చుట్టూ ఉన్న పల్లెల్లో హంటింగ్టన్ జబ్బు, అంటే మెదడు కణాలు మెల్లగా దెబ్బతినే వంశపారంపర్య జబ్బు, ఉన్న కుటుంబాల సంగతీ ఇంతే. అమెరికా శాస్త్రవేత్త నాన్సీ వెక్స్లర్ బృందం అక్కడికి ఏటా వెళ్లి వేలమంది రక్తం సేకరించింది. 1983లో జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని తేలింది, 1993లో జన్యువే దొరికింది. ఆ జన్యువులో సీఏజీ అనే మూడు డీఎన్ఏ అక్షరాలు నలభై సార్లో అంతకంటే ఎక్కువో వరసగా వస్తే జబ్బు తప్పదని ఇవాళ ప్రపంచం అంతా చెప్పగలుగుతోంది అంటే ఆ పల్లెల వల్లే. ఆ పల్లెలు ఇంకా పేదరికంలోనే ఉన్నాయి. వెక్స్లర్‌ని తప్పుపట్టడం లేదు, ఆమె తల్లి అదే జబ్బుతో పోయింది, తనకీ ఉందని 2020లో ఆమే బయటికి చెప్పింది. నేనంటున్నది, దారి చూపించినవాళ్లు లైన్లో చివర ఉండకూడదని.

నాకు ఇది పేపర్లో చదివిన సంగతి మాత్రమే కాదు. తమ్ముడికి ఆరేళ్లప్పుడు తొడలోంచి కండ ముక్క తీశారు. వాడు నా వేలు కొరికాడు, మచ్చ ఇంకా ఉంది. "పరిశోధనకి కూడా వాడుకుంటాం" అంటే నాన్న సంతకం పెట్టారు. పదమూడేళ్లయింది. ఆ ముక్క ఏమైందో, ఎవరైనా చూశారో లేదో మాకు ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు.

జన్యు సలహా

నేను జెనెటిక్ కౌన్సెలింగ్ పనిలో ఉన్నాను. డబ్బు గురించి నాకంటే మీరే బాగా మాట్లాడుతున్నారు, నేను రోజూ చూసేది చెప్తాను.

డీఎండీ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లలకి అది తల్లి నుంచే వస్తుంది. అందుకే పరీక్ష రిజల్ట్ చెప్పగానే గదిలో అందరూ తల్లివైపు చూస్తారు. దాదాపు మూడోవంతు కేసుల్లో ఆ మార్పు తల్లిలో ఉండదు, బిడ్డలో కొత్తగా వస్తుంది. ఉన్నా అది ఆమె తప్పు కాదు. ఈ రెండు మాటలూ నేను నిదానంగా, రెండుసార్లు చెప్తాను. అయినా ఆ తల్లి తలెత్తదు.

హంటింగ్టన్ ఉన్న ఇళ్లలో పరీక్ష దశాబ్దాలుగా అందుబాటులో ఉన్నా ఎక్కువమంది చేయించుకోరు. తెలిసి చేసేదేముంది అంటారు. ఆయుష్షు పెంచే జన్యువులు ఉన్నాయా చూడమని అడిగేవాళ్లు మాత్రం ఉత్సాహంగా వస్తారు. డెన్మార్క్‌లో కవలల మీద జరిగిన పరిశోధనలో ఎంతకాలం బతుకుతామన్నదాంట్లో జన్యువుల వాటా పావువంతు అని తేలింది. తర్వాత వచ్చిన పెద్ద లెక్కలు అది ఇంకా తక్కువే అన్నాయి. కాబట్టి జన్యు పరీక్ష చూసి మీరు ఎన్నేళ్లు బతుకుతారో ఎవరూ చెప్పలేరు. ఒక్క జన్యువుతో తలరాత మారిపోయేది మీ తమ్ముడిలాంటి వాళ్లకే. అందుకే పెద్దన్న గారూ, వరసలో ముందు ఉండాల్సింది వాళ్లే అన్న మీ మాట నాకు సరిగ్గానే అనిపిస్తుంది.

సూటిగా

ఇంకోటి చేర్చాలి. 2022లో అమల్లోకి వచ్చిన జబ్బుల జాబితాలో "ముసలితనం" అన్న మాటని ఒక కోడ్‌గా పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుకుంది. ముసలితనాన్ని జబ్బంటే వైద్యం అడిగినప్పుడు "వయసు అంతే" అని పంపించేస్తారని పెద్దవాళ్ల తరఫున చాలామంది అభ్యంతరం చెప్పారు, ఆ మాట తీసేశారు. మందుల కంపెనీలకి మాత్రం అది జబ్బయితేనే లాభం, అనుమతి అడగడం సులువు. ఎవరికి ఏ పేరు కావాలో చూస్తే డబ్బు ఎటు నడుస్తోందో తెలుస్తుంది.

ప్లాటినం తీగ

పేరు సంగతి మీ ఇష్టం. నేను పెద్దన్న గారికి ఒకటి చెప్పాలని రెండు రోజులుగా అనుకుంటున్నాను. నిన్న మళ్లీ తీసి చదివి, సరిచూసుకుని రాస్తున్నాను.

మీ తమ్ముడి జబ్బుకి ఎలుకల్లో ఒక నమూనా ఉంది. ఎండీఎక్స్ ఎలుకలు అంటారు, వాటిలోనూ డిస్ట్రోఫిన్ ఉండదు. చిత్రం ఏంటంటే అవి మామూలుగానే నడుస్తాయి, దాదాపు పూర్తి ఆయుష్షు బతుకుతాయి. అదే ప్రొటీన్ లేకపోతే మనిషి పిల్లాడు పదేళ్లు దాటేసరికి కుర్చీకి అంటుకుపోతున్నాడు. ఎందుకు ఇంత తేడా? ఏళ్ల తరబడి ఎవరికీ అంతుపట్టలేదు.

స్టాన్‌ఫర్డ్‌లో హెలెన్ బ్లా బృందం 2010లో ఒక పని చేసింది. ఎలుకలకి టెలోమియర్లు, అంటే క్రోమోజోముల చివర ఉండే తొడుగులు, మనకంటే చాలా పొడుగు. డిస్ట్రోఫిన్‌తో పాటు టెలోమియర్లని కాపాడే ఎంజైమ్ కూడా లేకుండా చేసి, తొడుగులు పొట్టివయ్యాక చూశారు. అప్పుడు ఆ ఎలుకలకి మనుషుల్లో లాంటి జబ్బే వచ్చింది. కండ తెగిన ప్రతిసారీ దాన్ని అతకడానికి కండలోని మూలకణాలు విభజన చెందుతాయి. డీఎండీలో కండ రోజూ తెగుతూనే ఉంటుంది. విభజించి విభజించి ఆ కణాలు అలిసిపోతాయి. 2013లో గుండెలోనూ ఇలాంటిదే చూపించారు.

అంటే ఆ పిల్లల కండల్లో కణాలు వయసుకి మించి ముసలివైపోతున్నాయి. టెలోమియర్ల మీద 2009లో నోబెల్ వచ్చిన పని మొదలైంది చెరువు నీళ్లలో బతికే ఒక ఏకకణ జీవిలో. ఏ పిల్లాడి జబ్బు కోసమూ కాదు. ఆ పనికి డబ్బు ఇవ్వకుండా "ముందు పిల్లలు" అని ఉంటే మీ తమ్ముడి జబ్బులో సగం మనకి ఇప్పటికీ అర్థమయ్యేది కాదు.

ఇంకో చిన్న సంగతి. 2009లో ముసలి ఎలుకల ఆయుష్షు పెంచిన రాపమైసిన్ తెలుసు కదా, ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది. దాని దగ్గరి చుట్టం ఎవరోలిమస్ 2010 నుంచి ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే వంశపారంపర్య జబ్బులో మెదడు గడ్డలకి ఇస్తున్నారు. రెండు చోట్లా అదుపు చేస్తున్నది ఎమ్‌టార్ అనే, కణాల పెరుగుదలని నడిపే ఒకే స్విచ్చుని.

పెద్దన్న

టెలోమియర్ల సంగతి నాకు తెలియదు. పదమూడేళ్లుగా డీఎండీ గురించి దొరికిందల్లా చదువుతున్నాను అనుకునేవాణ్ణి. తమ్ముడికి చదివి వినిపించాను. మాస్కు పక్కకి జరిపి "అయితే నా కాళ్లు నీకంటే ముసలివి, నన్ను అన్నా అనాలి నువ్వు" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరం గట్టిగా నవ్వాం.

నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. ముసలితనం మీద పరిశోధన తగ్గించమని ఇక అనను. మిగతా సగం మీద నిలబడతాను. దొరికిన మందు పరీక్షించడానికి వచ్చినప్పుడు, ఒకే అక్షరం తప్పు వల్ల జీవితం పోగొట్టుకుంటున్న వాళ్లకి మొదటి అవకాశం ఉండాలి. 2025లో ఫిలడెల్ఫియాలో ఒక్క పసివాడి కోసం, వాడి ఒక్కడి జన్యు దోషాన్ని దిద్దే మందుని ఆరు నెలల్లో తయారు చేసి ఇచ్చారు. చెయ్యాలనుకుంటే కుదురుతుందని అప్పుడు తెలిసింది. తొందరపడితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. డీఎండీ జన్యు చికిత్స తీసుకున్న కుర్రాళ్లలో నడవలేని స్థితిలో ఉన్న ఇద్దరు 2025లో కాలేయం దెబ్బతిని పోయారు. తమ్ముడి వయసుకి దగ్గరవాళ్లు. ఆ వార్త వాడికంటే ముందు నేను చదివి, చెప్పాలా వద్దా అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. చెప్పాను.

నడిరేయి

పెద్దన్న గారూ, మీ తమ్ముడి మాట అమ్మకి చెప్పాను. అర్థమైందో లేదో తెలియదు, నవ్వింది.

ఆ కండ ముక్క గురించి అడగండి. వదలకండి.

జన్యు సలహా

అడగొచ్చు. మీ నాన్నగారు పెట్టిన సంతకం కాగితం నకలు ముందు అడగండి. నమూనా ఇంకా ఉందా, ఏ పరిశోధనలో వాడారు, దాని మీద ఏమైనా ప్రచురించారా, ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. అప్పుడు మీ తమ్ముడు మైనర్, ఇప్పుడు కాదు. ఇకముందు వాడుకోవడానికి ఒప్పుకోవాలా వద్దా అన్నది ఇక ఆయన చేతిలో ఉంది. ఉత్తరం ఆయన పేరుతోనే వెళ్లాలి.

పెద్దన్న

వాడే చెప్పాడు, నేను టైప్ చేశాను. మీరు చెప్పిన మూడు ప్రశ్నలూ పెట్టాం. నాలుగోది వాడు సొంతంగా చేర్చాడు. నమూనా ఇంకా ఉంటే టెలోమియర్ల మీద పనిచేసేవాళ్లకి ఇవ్వడానికి తనకి అభ్యంతరం లేదని, కాకపోతే ఏం తేలిందో తనకి రాయాలని. సంతకం పెట్టడానికి వేళ్లు బాగా సహకరించడం లేదు, పది నిమిషాలు పట్టింది, నన్ను చేయి పట్టనివ్వలేదు. రేపు పొద్దున పంపుతున్నాను. జవాబు వస్తే ఇక్కడే రాస్తాను.